ఏడో షెడ్డులో దర్జీ గది

మూడో అంతస్తు, ఇంటి నుంచి
జనవరి 9

చి. బొత్తాం,

ఇవాళ జనవరి తొమ్మిది. నిన్న మధ్యాహ్నం ఒక కుట్టుమిషన్ల కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేశారు. "దర్జీగారి పాత షాపు ఫొటో ఉంటే కావాలండీ. మా పెవిలియన్ గీస్తున్న మీ మనవరాలు అడగమన్నారు" అన్నాడు. ఫొటో లేదని చెప్పి పెట్టేశాను. నా మనవరాలు నన్ను అడగాల్సిన మాట కంపెనీవాడి నోట ఎందుకు అడిగిస్తోందో తెలుసుకుందామని ఈ ఉత్తరం.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్ మోగితే మీ తాతయ్య ఎవరో బట్టల కోసం వచ్చారనుకుని వెళ్ళి తలుపు తీస్తున్నారు. పైగా ఫోన్లో అయితే నువ్వు "అబ్బే, అదేం లేదు అమ్మమ్మా" అని తేల్చేస్తావు. కాగితం మీద ఆ మాట రాయడం కొంచెం కష్టం.

ఉభయకుశలోపరి అని రాయను. ఇక్కడ కుశలం సగమే. ఆయనకి ఆకలి బాగుంది, నడక బాగుంది. మనుషులే చేజారిపోతున్నారు. మీ అమ్మ చిన్నప్పటి ఫొటో చూపిస్తే "ఈ గౌను నేనే కుట్టాను, చేతుల దగ్గర కుచ్చు చూశారా" అంటారు. గౌనులో ఉన్న పిల్ల ఎవరో చెప్పలేరు. నేను గదిలోకి వెళ్తే మర్యాదగా లేచి "కూర్చోండమ్మా, కొలతలు తీసుకుంటాను" అంటారు. లెక్కల టీచర్ని కాబట్టి పెళ్ళయినప్పటి నుంచీ నన్ను "టీచరూ" అనే పిలిచారు. ఆ పిలుపు విని నాలుగు నెలలు దాటింది. ఇది ఫిర్యాదు కాదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

సాయంత్రమయ్యేసరికి "ఇంటికెళ్దాం పదండి" అని మొదలుపెడతారు. షాపున్న ఆ వీధి ఇల్లు అమ్మేసి ఇక్కడికి వచ్చామని చెబితే వింటారు, తలూపుతారు, చెప్పులు వేసుకుంటారు.

ఇక నువ్వు చెప్పు. ఆ కంపెనీకి మా షాపుతో ఏం పని?

అమ్మమ్మ


ప్రదర్శన మైదానం, ఏడో నంబరు షెడ్డు
జనవరి 16

అమ్మమ్మా,

"అబ్బే, అదేం లేదు" అని నిజంగానే రాయబోయి ఆగాను. ఉంది.

"పదిహేను రోజులుండే ఇల్లు కట్టడానికి అంత చదువెందుకే" అని నువ్వు నన్ను ఎప్పుడూ దెప్పుతావు కదా. ఇక్కడ ప్రతి కంపెనీకీ నేల మీద సున్నంతో ఒక గడి గీసి ఇస్తారు. ఆ గడిలో మేం కట్టేదాన్ని చూడగానే ఆ కంపెనీ ఎలాంటిదో జనానికి అనిపించాలి, ఒక్క మాట చెప్పకుండానే. పేపర్లో ప్రకటన వేస్తే చూసి పేజీ తిప్పేస్తారు. పెవిలియన్ అంటే మనిషి తన కాళ్ళతో నడిచి లోపలికి వచ్చే ప్రకటన. నిజంగా అంతే.

పోయినేడాది ఈ కంపెనీ మిషన్లన్నీ అరల్లో పేర్చి, తెల్లలైట్లు వేసి, మనిషంత అక్షరాలతో పేరు పెట్టింది. జనం ఉచితంగా ఇచ్చే సంచులు తీసుకుని పోయారు. ఈసారి నేను మేనేజరుతో "ఒకే మిషను పెడదాం. దాని చుట్టూ ఒక గది. వచ్చినవాళ్ళు మిషను ముందు కూర్చుని ఆ గదిని చూస్తారు. అక్కడ కూర్చున్నాక ఇంకో మిషను వైపు మనసు పోదు" అన్నాను. "ఎవరి గది?" అన్నాడు. ఆలోచించకుండానే "మా తాతయ్యది" అనేశాను.

ఫొటో కూడా అక్కర్లేదు నాకు. ఆ గది మొత్తం కళ్ళు మూసుకుని గీశాను. ఫొటో కావాలన్నది ఆ మేనేజరు, నేను గీసింది నిజమో కాదో చూసుకోవడానికి. నేను అడిగితే వద్దంటావని అతన్నే అడగమన్నాను. అబద్ధం ఆడలేదు కానీ దాటేశాను.

ఫిబ్రవరి ఒకటిన తెరుస్తారు. తాతయ్యని తీసుకునిరా. ఒక్కసారి. బస్సు టికెట్లు పంపుతున్నాను. తిట్టేది ఉంటే ఇక్కడికి వచ్చి తిట్టు.

బొత్తాం


మూడో అంతస్తు, ఇంటి నుంచి
ఫిబ్రవరి 3

చి. బొత్తాం,

నీ ఉత్తరంలో "నిజంగా" అన్న మాట రెండుసార్లు వాడావు. నిజాన్ని అన్నిసార్లు గుర్తు చెయ్యనక్కర్లేదు.

మొన్న వచ్చి చూసింది చూసినట్టు రాస్తాను. వైర్లు దాచడానికి నేల ఎత్తు చేశావు. బాగానే ఉంది, కానీ అంచున నా కాలు తట్టుకుంది. ఇంకెవరైనా పడకముందే ఒక పట్టీ వేయించు. గోడ మీద వేలితో కొట్టి చూశాను, డబ్బా చప్పుడు. వెనక్కి వెళ్ళి చూస్తే రంగు లేదు, సుద్దముక్కతో వేసిన నంబర్లున్నాయి. కిటికీ అవతల వీధికి బదులు బల్బుల పెట్టె ఉంది. ఆ గదిలో పొద్దస్తమానం సాయంత్రం నాలుగే. ఇవన్నీ నీ వృత్తి. నేనేమీ అనను.

కానీ గది తప్పు. వీధి గుమ్మంలోంచి లోపలికి అడుగుపెడితే కిటికీ నా ఎడమ చేతికి ఉండేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడి నుంచి వచ్చి ఆ కిటికీకే గొడుగు తగిలించాను. నువ్వు కుడి చేతికి పెట్టావు. కుట్టిన బట్టల దండెం కూడా అటుది ఇటు అయింది. ఆయన మిషను గోడవైపు తిరిగి ఉండేది, ఆ గోడకి నిలువుటద్దం. ఆయన వీపు వీధికి. నువ్వు మిషను గుమ్మంవైపు తిప్పేశావు. అద్దం లేనే లేదు. కళ్ళు మూసుకుని గీశానన్నావు. తెరిచి గియ్యాల్సింది.

ఇప్పుడు రెండో సంగతి. నువ్వు ఎవరో పెద్దమనుషులకి ఏదో వివరిస్తున్నావు కాబట్టి చూడలేదు.

ఆయన్ని మిషను ముందు కూర్చోబెట్టి, నా చేతిసంచి బయట కుర్చీ మీద మర్చిపోయానని వెళ్ళాను. సంచి తీసుకుని నీ గుమ్మంలోంచి మళ్ళీ లోపలికి వచ్చాను. ఆయన తల ఎత్తి చూసి "వచ్చావా టీచరూ" అన్నారు.

నేను నిలబడిపోయాను.

"అలా చూస్తావేం? సూదులన్నీ బోసిగా ఉన్నాయి. దారాలు ఎక్కించిపో" అన్నారు.

నీకు గుర్తుందో లేదో, ఆయనకి దగ్గర చూపు తగ్గినప్పటి నుంచీ రోజూ సాయంత్రం మర్నాటి సూదులన్నిటికీ నేనే దారం ఎక్కించి గుచ్చి పెట్టేదాన్ని. నీ బల్ల మీద సూదుల దిండు ఉంది. ఎక్కించాను. రెండుసార్లు దారం గురి తప్పింది. అది వయసు.

"పిల్లలు లెక్కలు చేసుకొచ్చారా?"

"లేదు."

"కొట్టావా?"

"లేదు."

"అబద్ధం" అని నవ్వారు. ముందు పళ్ళ సందులోంచి ఈల వచ్చే ఆ నవ్వే.

అంతలో జనం వచ్చారు. లేవాల్సి వచ్చింది. బస్సులో నా పక్కనే కూర్చుని, చాలాసేపు కిటికీలోంచి చూసి, నావైపు తిరిగి ఎంతో మర్యాదగా "మీరెక్కడ దిగాలమ్మా?" అని అడిగారు.

మీతోపాటే అన్నాను.

అమ్మమ్మ


ఏడో నంబరు షెడ్డు
ఫిబ్రవరి 7

అమ్మమ్మా,

నీ ఉత్తరం పెవిలియన్ వెనక, ఆ రంగులేని గోడకి ఆనుకుని చదివాను. ఏడుస్తుంటే మేనేజరు చూశాడు. ఏమైందన్నాడు. చెప్పకుండా ఉండాల్సింది. నోరు జారాను, మొత్తం చెప్పేశాను. నువ్వు రాసిన ఆ సంభాషణతో సహా.

ఆయన కళ్ళు కూడా తడిశాయి అమ్మమ్మా. నటన కాదు. కానీ కన్నీళ్ళు ఆరకముందే ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. ఇక్కడ మనుషులు అలాగే ఉంటారు, నేను కూడా రోజురోజుకీ అలాగే అవుతున్నానేమో.

ఆయన అడిగేది ఇది. ప్రదర్శన పదహారున మూస్తారు. అప్పటిదాకా తాతయ్య రోజూ వచ్చి ఆ మిషను ముందు కూర్చోవాలి. ముందు ఒక తాడు కడతారు, జనం మీద పడకుండా. పక్కన ఒక చిన్న బోర్డు: "మా మిషనుతో ఒక జీవితం." ఫొటోలు తీసుకుంటారు. దానికి బదులుగా ప్రదర్శన అయ్యాక ఆ గది మొత్తం, గోడలు, కిటికీ, దీపాల పెట్టె, అన్నీ విప్పి తెచ్చి మనం ఎక్కడ చెబితే అక్కడ బిగించి ఇస్తారు. కాగితం మీద రాసిస్తామంటున్నారు.

ఒప్పుకోకపోతే పదహారు మధ్యాహ్నం అందరివీ కొట్టేసినట్టే దీన్నీ కొట్టేస్తారు. ఇక్కడ పద్ధతి అంతే. నేను గీశాను కానీ గది నాది కాదు. చెక్క కాంట్రాక్టరుది, మిగతాది కంపెనీది. కొనుక్కుంటానని అడిగాను. మేనేజరు నవ్వి "అమ్మితే మాకేం వస్తుంది? ఆయన కూర్చుంటే వస్తుంది" అన్నాడు.

ఆ గదిలో తాతయ్యకి నువ్వు గుర్తొస్తావు. అందుకని ఒప్పుకోమని చెప్పాలనుంది. తాడు వెనక తాతయ్యని తలుచుకుంటే వద్దని చెప్పాలనుంది. నువ్వు ఏది అంటే అదే.

బొత్తాం


మూడో అంతస్తు, ఇంటి నుంచి
ఫిబ్రవరి 10

చి. బొత్తాం,

వద్దు.

కారణాలు రాస్తాను, రేపు నువ్వు మేనేజరుకి చూపించుకోవచ్చు. మీ తాతయ్య జీవితంలో ఒక్కరోజు కూడా ఈ కంపెనీ మిషను తొక్కలేదు. ఆయనది వేరే కంపెనీది, ఇప్పటికీ మా గదిలో మూత వేసి ఉంది. కాబట్టి ఆ బోర్డు మీద రాసేది అబద్ధం. అబద్ధం పక్కన ఆయన్ని కూర్చోబెట్టను.

రెండోది, ఆయన తనంతట తాను నిర్ణయించుకుని కూర్చునే స్థితిలో లేరు. కూర్చోమంటే కూర్చుంటారు. అలాంటి మనిషి తరఫున నేను సరేనంటే, అది ఆయన సంతకం నేను పెట్టడమే. ఊరందరి కొలతలూ తీసుకున్న మనిషి. తాడు అవతల నిలబడి ఎవరూ ఆయన్ని కొలవక్కర్లేదు.

గది సంగతి నువ్వు దిగులుపడకు. నీ గది ఎలాగూ తప్పుల తడక. తిరగేసి పెట్టిన గదిలోనే ఆయనకి అంత తెలిస్తే, సరిగ్గా పెట్టిన గదిలో ఇంకెంత తెలియాలి? ఇక్కడే, ముందు గదిలో, ఉన్నది ఉన్నట్టు నేనే అమరుస్తాను.

మేనేజరు గారికి కన్నీళ్ళు వచ్చినందుకు నా కృతజ్ఞతలు చెప్పు.

అమ్మమ్మ


ఏడో నంబరు షెడ్డు (ఖాళీ)
ఫిబ్రవరి 18

అమ్మమ్మా,

కొట్టేశారు.

మూసివేత గంట మోగగానే మొదలుపెడతారు. నేల ఎంత త్వరగా ఖాళీ చేస్తే కాంట్రాక్టరుకి అంత మంచిది. నువ్వు పట్టీ వేయించమన్న అంచు దగ్గరే మొదటి గునపం దిగింది. గది కట్టిన వడ్రంగి మేస్త్రీయే కూల్చాడు. "చూడకండి మేడమ్, టీ తాగిరండి" అన్నాడు. నేను కదల్లేదు. "కట్టేటప్పుడు దాహమేస్తుంది, కొట్టేటప్పుడు ఆకలేస్తుంది. ఎందుకో ఇన్నేళ్ళైనా అర్థం కాలేదు" అన్నాడు. గోడ పడిపోతే ఎంత చప్పుడవుతుందో అనుకున్నాను. చాపని దులిపినంత చప్పుడయింది.

దీపాల పెట్టె తీగ లాగేసరికి గదిలో సాయంత్రం నాలుగింటి ఎండ పోయింది. షెడ్డు వెలుతురు మిగిలింది.

నీ మాట విన్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను అమ్మమ్మా. కానీ అది పూర్తిగా నిజం కాదు. తాడు లేకుండా, బోర్డు లేకుండా గది ఇమ్మని మేనేజరుతో పోట్లాడగలిగేదాన్ని. ఆ పెవిలియన్‌కి బహుమతి వచ్చింది, ఆ రోజు నా మాటకి విలువ ఉంది. పోట్లాడలేదు. వచ్చే ఏడాది పని కూడా నాకే ఇస్తారని ఊరుకున్నాను. నువ్వు వద్దన్నావు కాబట్టి అని చెప్పుకోవడం సుఖంగా ఉంది.

నేను తెచ్చుకోగలిగింది ఒక్క స్టూలు. చిన్నప్పుడు తాతయ్య పక్కన నేను కూర్చునే స్టూలులాంటిది గదిలో చేయించి పెట్టాను కదా, అది. దాని మీద కూర్చునే ఇది రాస్తున్నాను.

కూర్చున్నాకే ఒకటి తట్టింది. నువ్వు అన్నావే, కిటికీ తిరగేశానని. చదువుకున్నదాన్ని, ఎడమా కుడీ తెలియనిదాన్నా అని ఉక్రోషపడ్డాను. తాతయ్య మిషను తొక్కుతుంటే నేను ఈ స్టూలు మీద కూర్చుని నిలువుటద్దంలోకి చూస్తూ ఉండేదాన్ని. మాకో పందెం ఉండేది. వీధి గుమ్మంలోంచి వచ్చేదెవరో వెనక్కి తిరక్కుండా, అద్దంలోనే చూసి, ముందు ఎవరు చెబితే వాళ్ళు గెలిచినట్టు. ఓడినవాళ్ళు కిందపడ్డ బొత్తాలు ఏరాలి. ఎప్పుడూ నేనే ఏరేదాన్ని.

నేను గీసింది గది కాదు అమ్మమ్మా. అద్దంలో కనబడే గది. చిన్నప్పుడు నేను చూసింది అదొక్కటే.

నువ్వు అమర్చిన గది ఎలా ఉంది? తాతయ్య ఏమన్నారు?

బొత్తాం


మూడో అంతస్తు, ఇంటి నుంచి
మార్చి 2

చి. బొత్తాం,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. రాయడానికి మంచి కబురు లేదు కాబట్టి.

నేను అమర్చిన గదిలో తప్పు లేదు. మిషను గోడవైపు, కిటికీ సరైన వైపు, దండెం సరైన ఎత్తులో, సూదుల దిండు ఆయన కుడిచేతికి. ఆయన కూర్చున్నారు. ఎదురుగా ఉన్న తెల్లగోడని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచి "ఈ షాపు ఎవరిదమ్మా? దర్జీ ఎటు వెళ్ళాడు?" అని అడిగారు. మర్నాడూ అంతే. మూడో రోజు ఆ గదిలోకి రానన్నారు. ఆయన ఇప్పుడు సాయంత్రాలు ఇంటికి వెళ్దామనడం కూడా మానేశారు. "ఆ షాపుకి వెళ్దాం, అక్కడ మా టీచరు ఉంటుంది" అంటున్నారు. ఆ షాపు అంటే నీ షెడ్డు. దానికి నేను ఏం చెప్పను?

నేను వద్దని రాసిన ఉత్తరం నకలు నా దగ్గరుంది. మళ్ళీ చదివాను. అందులో తప్పు కారణం ఒక్కటి కూడా లేదు. బాధంతా అక్కడే ఉంది. తప్పు లెక్కయితే కొట్టేసి మళ్ళీ చేస్తాం. ఇది సరైన లెక్క, జవాబు మాత్రం ఇలా వచ్చింది.

ఇక నీ అద్దం మాట. చదివి, మొదట ఇదేదో సాకు అనుకున్నాను. నిన్న ఆయన గడ్డం గీసుకునే చిన్న అద్దం తెచ్చి, మిషను మీద గోడకి ఆనించి నిలబెట్టాను. "దర్జీగారు మిమ్మల్ని కూర్చోమన్నారు" అని అబద్ధం చెప్పి ఆయన్ని లోపలికి తీసుకొచ్చాను. నేను బయటికి వెళ్ళి, మళ్ళీ తలుపు తీసుకుని ఆయన వెనకనుంచి వచ్చాను. ఆ అద్దంలో నా చెవి, కళ్ళజోడులో సగం పట్టి ఉంటాయి, అంతకంటే చోటు లేదు.

"ఇవాళ ఆలస్యమైందే టీచరూ" అన్నారు.

"స్టాఫ్ మీటింగు" అన్నాను.

"గొడుగు బయట పెట్టు, నేల తడుస్తుంది."

బయట ఎండ మండిపోతోంది. సరేనన్నాను. అక్కడితో ఆగాల్సింది. ఆయన మొహం చూడాలనిపించి ముందుకు వెళ్ళాను. ఆయన గబగబా లేచి "కూర్చోండమ్మా" అన్నారు.

రాత్రంతా దీని గురించే ఆలోచించాను. వీధి ఇల్లు అమ్మినప్పుడు, ఈ ఇంటి లిఫ్టులో పట్టదని నిలువుటద్దం అక్కడే వదిలేశాం. పాత సామాను అనుకున్నాను. ఆయన నన్ను చూసిందంతా అందులోనే. రోజూ నాలుగింటికి బడి నుంచి వచ్చేదాన్ని, ఆయన వెనక్కి తిరక్కుండానే "వచ్చావా" అనేవారు, నేను ఆయన వీపుకి జవాబు చెప్పి లోపలికి వెళ్ళేదాన్ని. ఎదురెదురుగా కూర్చోలేదా అంటే, భోజనాల దగ్గర కూర్చునేవాళ్ళం. ఆయన కంచంలోకి చూసేవారు, నేను దిద్దాల్సిన పేపర్లలోకి. ఇన్నేళ్ళలో ఒక్కపూట ఆ పేపర్లు పక్కన పెట్టి ఉంటే ఆయనకి నా మొహం తిన్నగా కూడా గుర్తుండేదేమో. ఆ పేపర్లలో ఒక్క పిల్లకి ఎన్ని మార్కులు వేశానో ఇవాళ చెప్పలేను.

నువ్వు చిన్నపిల్లగా స్టూలు మీద కూర్చుని చూసిన సంగతి, అదే ఇంట్లో ఉండి నేను చూడలేదు. నీ గదిని తప్పుల తడక అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. గుమ్మం అంచుకి పట్టీ లేకపోవడం మాత్రం తప్పే.

నువ్వు పోట్లాడలేదని బాధపడకు. నేను వద్దన్నాను, నువ్వు ఊరుకున్నావు. ఆ బరువు చెరిసగం మొయ్యాలి. ఎవరూ ఎక్కువ తీసుకోకూడదు.

ఇక జరగాల్సినవి:

1. ఆ నిలువుటద్దం ఇల్లు కొన్న పళ్ళ డాక్టరు దగ్గరే ఉంది. వచ్చినవాళ్ళు వాచిన బుగ్గలు చూసుకునే గదిలో పెట్టాడట. వెళ్ళి ఇమ్మని అడుగుతాను. ఇచ్చేసిన వస్తువుని తిరిగి అడగడం నాకు అలవాటు లేదు. అడుగుతాను.

2. లిఫ్టులో పట్టదు కాబట్టి మెట్లమీదుగా ఎక్కించాలి. నీ వడ్రంగి మేస్త్రీని తీసుకునిరా. ఆ గది కూల్చినవాడే దీన్ని బిగించాలి. మేస్త్రీకి ఆకలేసినా దాహమేసినా నేను చూసుకుంటాను.

3. మిషను అద్దం వైపు, అద్దం తలుపు వైపు. కొలత నువ్వు చూడు, నేను ఇంక మాట్లాడను.

4. కంపెనీ పేరు, ఫొటో, బోర్డు, ఏవీ ఈ ఇంటి మెట్లు ఎక్కకూడదు.

5. ఆ స్టూలు తెచ్చి ఆయన పక్కన వెయ్యి. సెలవు పెట్టి కొన్నాళ్ళు దాని మీద కూర్చో. పందెంలో కావాలని ఓడిపోకు, ఆయన కనిపెట్టేస్తారు.

6. రోజూ నాలుగింటికి నేను గొడుగు తీసుకుని కిందికి దిగి, మళ్ళీ పైకొచ్చి, తలుపు తీసుకుని లోపలికి రావాలి. వాన ఉన్నా లేకపోయినా.

7. నేను ఆయన వెనకే నిలబడాలి. మొహం చూడాలనిపించినా ముందుకు వెళ్ళకూడదు, అద్దంలోనే చూసుకోవాలి. తప్పనిసరై ఎదురుగా వెళ్ళినప్పుడు ఆయన "కూర్చోండమ్మా" అంటే, నేనండీ అని చెప్పకూడదు. కూర్చోవాలి. కొలతలివ్వాలి.

అమ్మమ్మ